మిరియాల దండ

అవ్వ మెడ మీది పులిపిర్లకు దారం కట్టింది నేను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ ఆదివారం పేజీలో "ఎండ బాగా ఉంది, బట్టలు తొందరగా ఆరాయి" అని మాత్రమే ఉంది. మా వాడకట్టులో అందరికీ తెలిసిన సంగతి వేరు. ఆమే కట్టుకుంది, ఆమే మీదికి తెచ్చుకుంది అనుకుంటారు. వాళ్ళకు అలా చెప్పింది అవ్వే.

మాది లక్సెట్టిపేట దగ్గర ఊరు. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. బాపు దుబాయిలో ఉంటాడు. అవ్వ బీడీలు చుడుతుంది. నేను పుట్టకముందు నుంచీ చుడుతోంది. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకులు, ఒక పక్కన తంబాకు, కాలి వేలికి తగిలించిన ఎర్ర దారం ఉండ. ఆకు చుట్టి, మూతి మడిచి, దారం రెండు చుట్లు తిప్పి ముడి బిగించడానికి ఆమెకు ఒక్క గుటక వేసినంత సేపు కూడా పట్టదు. కాలేజీ నుంచి వచ్చాక దారం కట్టే పని నేనూ చేసేదాన్ని. నాకు నలుగురిలో మాటలు రావు గానీ ముడి బాగా వచ్చు.

బీడీలు చుట్టే ఆడవాళ్ళందరికీ పులిపిరికి మందు ఆ దారమే. మెడ మీద, చంక దగ్గర చిన్న కాడతో మెత్తగా వేలాడేవి వస్తాయి కదా, వాటి మొదట్లో దారం బిగించి వదిలేస్తారు. రక్తం అందక అది నల్లబడి నాలుగైదు రోజుల్లో రాలిపోతుంది. రాలిన దాన్ని తునికాకులో పెట్టి బీడీలా చుట్టి పొయ్యిలో వేస్తారు. మా పక్కింటి పెద్దమ్మ ప్రతిసారీ "గిది కార్ఖానకు పంపుదామా, సేటు తాగుతడేమో" అనేది. ఆమెది కాగజ్‌నగర్ అవతల, మహారాష్ట్ర దగ్గరి ఊరు. మా వీధిలో అందరికంటే గట్టిగా నవ్వేది, తిట్టేది ఆమే.

అవ్వ మెడ చుట్టూ పదకొండు ఉండేవి. లెక్కపెట్టింది నేనే. పుస్తెలతాడు ఒరుసుకొని వచ్చాయని అవ్వ అనేది. తంబాకు దుమ్ముకు వచ్చాయని పెద్దమ్మ అనేది. వాటి కింద మెడ వెనక చర్మం నల్లగా, మందంగా, కడగని చోటులా ఉండేది. ఎన్నోసార్లు సబ్బు తెచ్చి చేతిలో పెట్టి "మెడ రుద్దుకో అవ్వా" అన్నాను. ఆమె ఎర్రబడేదాకా రుద్దుకునేది. నలుపు పోయేది కాదు.

డిగ్రీ రెండో సంవత్సరంలో కాలేజీలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. అవ్వ పండుగ చీర కట్టుకొని వచ్చింది. మీటింగులో ఒక్క మాట మాట్లాడకుండా చివరి బెంచీ మీద కూర్చొని, లెక్చరర్ నా పేరు చదివినప్పుడు మాత్రం లేచి నిలబడింది. నిలబడాల్సిన పని లేదు. ఎవరూ నిలబడలేదు. తిరిగి వస్తుంటే గేటు దగ్గర జామకాయల బండి కనిపించి ఆగింది. నేను నాలుగడుగుల ముందు ఉన్నాను. నా క్లాసు అమ్మాయి ఒకతి పక్కకు వచ్చి, నవ్వుతూ, మెల్లగా అంటున్నాననుకుంటూనే గట్టిగా అంది.

"మీ అవ్వ మెడల మిర్యాల దండ ఏస్కున్నదానే?"

ఇంకో అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వానో నాకు తెలుసు. నవ్వకపోతే ఏదో ఒకటి అనాలి, అనడం నాకు రాదు. తిరిగి చూస్తే అవ్వ ఒక్కొక్క జామకాయ వత్తి చూస్తోంది. వినలేదనుకున్నాను.

మూడు నెలల తర్వాత ఇంకో మీటింగు పెట్టారు. ఆ కాగితాన్ని డైరీలో మడిచి పెట్టి, ఇంట్లో చెప్పలేదు. అవ్వకు ఒంట్లో బాగాలేదని లెక్చరర్‌తో అన్నాను.

కానీ మూడో మీటింగు, నాలుగో మీటింగు కూడా ఉంటాయి. అందుకే అడగడం మొదలుపెట్టాను.

"అవ్వా, గవి తీపించుకోరాదే."

"నాకేమన్న నొప్పి పెడుతున్నయా? ఉండనియ్యి. అవి ఉన్నకాడ అవి ఉన్నయి."

"మంచిగ కనవడుతలేవు."

"ఎవలు సూస్తరే నన్ను," అని నవ్వి బీడీ మూతి మడిచింది.

పది రోజులు అడిగాను. పదకొండో రోజు ఆదివారం, మధ్యాహ్నం, వాకిట్లో చాట ఒడిలో పెట్టుకొని, జుట్టు ముందుకు లాగి పట్టుకొని "కట్టు మరి" అంది. ఆమె చేతులు ఆగలేదు. ముందు ఆమె బీడీలు చుడుతోంది, వెనక నేను దారం కడుతున్నాను. ఆ రోజు ఐదింటికి కట్టాను. అదే ఎర్ర దారం, తంబాకు అంటిన అవే వేళ్ళు. చేతులు కడుక్కోవాలని కూడా నాకు తట్టలేదు.

నాలుగు రాలాయి. ఐదోది రాలలేదు. అది మెడ వెనక, కుడి చెవి కిందుగా, నానిన శనగగింజ అంత ఉండేది. కాడ లావుగా ఉండటం వల్ల దారం లోపలిదాకా బిగుసుకోలేదు. నీలంగా మారి ఉబ్బింది. ఫోనులో వెతికాను. ఒకరు వెల్లుల్లి అన్నారు, ఒకరు సున్నం అన్నారు, ఒకరు ఇంట్లో ఏమీ చేయొద్దు, డాక్టరుకు చూపించండి అన్నారు. ఆ మూడోది చదివాను. పూర్తిగా చదివాను. చదివి ఫోను పక్కన పెట్టాను.

పెద్దమ్మ ఇంట్లో, పొయ్యి పైన గూట్లో నల్లజీడి గింజలు ఉండేవి. వాళ్ళ దిక్కు వాటిని బిబ్బ అంటారు. గింజను సూదికి గుచ్చి మంటకు చూపిస్తే నల్లటి నూనె కారుతుంది. దాన్ని కాళ్ళ పగుళ్ళకు చుక్క చుక్కగా పెట్టుకునేది. చర్మం మీద వేరే చోట పడితే పొక్కుతుందని ఆమె చాలాసార్లు చెప్పింది. ఆమె పిండి గిర్నీకి పోయినప్పుడు ఒక గింజ తెచ్చుకున్నాను. అడిగి తెచ్చుకోలేదు.

చుక్క పెట్టాలనుకున్నాను. కారింది.

"మండుతున్నదే బిడ్డా," అంది అవ్వ.

"మండితేనే రాలుతది," అన్నాను.

నేను జీవితంలో అంత నమ్మకంగా మాట్లాడింది ఆ ఒక్క మాటే అనుకుంటాను.

మరుసటి రోజుకు అరచేయంత మేర పొక్కులు లేచాయి. మూడో రోజుకు అవి పగిలి నీరు కారింది. ఊళ్ళో సూదులు వేసే ఆయన వచ్చి ఒక సూది వేసి, మాత్రలిచ్చి పోయాడు. నాలుగో రోజు వాపు దవడ దాకా వచ్చింది. ఐదో రోజు పొద్దున అవ్వ తల పక్కకు వాల్చి కూర్చొని, ఖాళీ చాటలో వేళ్ళు కదుపుతోంది. ఆకు లేదు, తంబాకు లేదు. చుడుతూనే ఉంది.

"ఏం జేస్తున్నవే?" అంది పెద్దమ్మ గుమ్మంలో నిలబడి. తర్వాత అవ్వ నుదురు మీద చెయ్యి పెట్టి, నవ్వే మనిషి కాస్తా మారిపోయి, "ఆటో పిలువు పో," అంది నాతో.

కరీంనగర్ ఆసుపత్రిలో నర్సు అవ్వ వేలు గుచ్చి మిషన్ మీద అంకె చూసి, నమ్మనట్టు ఇంకో వేలు గుచ్చింది. అవ్వకు షుగర్ ఉందని మాకు ఆ రోజే తెలిసింది. ఎప్పటి నుంచి ఉందో ఎవరికీ తెలియదు.

డాక్టరు మెడ మీద కట్టు విప్పి చూశాడు. ఆయన ముఖం చూడకుండా ఆయన చెప్పులు చూస్తూ నిలబడ్డాను.

"ఏం చేశారమ్మా దీనికి?"

అవ్వ కళ్ళు తెరవకుండానే చెప్పింది. "దారం కట్టుకున్న సారు. నేనే."

"ఎనక దిక్కు నీకెట్ల అందిందే?" అంది పెద్దమ్మ.

"అందింది."

పెద్దమ్మ నా వైపు చూసింది. నేను సంచిలో ఏదో వెతుకుతున్నట్టు వంగాను. ఆమెకు గూట్లో గింజలు ఎన్ని ఉన్నాయో తెలిసి ఉంటుందా, తెలియదా? ఇప్పటికీ నాకు తెలియదు.

చీము రక్తంలోకి పాకే ప్రమాదం ఉందని, షుగర్ దిగకపోతే పుండు మానదని, పుండు మానకపోతే షుగర్ దిగదని, రెండింటితో ఒకేసారి కొట్లాడాలని డాక్టరు చెప్పాడు. "బతుకుతది గద సారు?" అని పెద్దమ్మ అడిగింది. ఆయన "చూద్దాం" అన్నాడు. ఆ మాట తర్వాత నా చెవుల్లో ఇంకేమీ పడలేదు.

బాపు ఫోన్ చేశాడు. "అవ్వ ఎట్లున్నది బిడ్డా?"

"మంచిగనే ఉన్నది. పండుకున్నది."

"నన్ను రమ్మంటవా?"

రమ్మంటే ఎందుకో చెప్పాలి. "అద్దు బాపు," అన్నాను.

ఆ రోజుల డైరీ నా దగ్గర ఉంది. అందులో నా మాట ఒక్కటీ లేదు. సెలైన్ సీసా మీది అక్షరాలు, మందుల చీటీలోని పేర్లు, గోడ మీద "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాశాను. నిశ్శబ్దం పాటించమని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండో రోజు డాక్టరు కట్టు మార్చేటప్పుడు ఆగిపోయాడు. "దారం కడితే ఇట్లా కాదు. ఇది కాలిన గాయంలా ఉంది. ఆకుపసరు, యాసిడ్, సున్నం, ఏమన్నా పెట్టారా? ఏదైనా పర్లేదు, తిట్టను. తెలిస్తే నాకు పని సులువవుతుంది."

అవ్వకు స్పృహ సరిగ్గా లేదు. ఆయన అడిగింది నన్ను. తల అడ్డంగా ఊపాను.

ఆయన వెళ్ళిపోయాడు. నేను ఆ మంచం పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. అవ్వ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు దుప్పటి మీద ఒకదానితో ఒకటి రాసుకుంటున్నాయి. లేని బీడీకి మూతి మడుస్తోంది. మడిచి, దారం కోసం వెతుకుతోంది. చేయి చాచితే దారం అందించే మనిషిని నేను. అందించడానికి ఏమీ లేదు. అలా పొద్దంతా గడిచింది. ఇంకొక పొద్దు కూడా సగం గడిచింది. ఒకటిన్నర రోజు. ఆ ఒకటిన్నర రోజులో ఆమె పోయి ఉంటే నేను ఏమయ్యేదాన్నో ఆలోచించడం మొదలుపెడితే ఇప్పటికీ చదువుతున్న పుస్తకం మూసేసి లేచి నిలబడతాను.

మూడో రోజు మధ్యాహ్నం జ్వరం తగ్గలేదని నర్సులు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడం విన్నాను. డైరీలోంచి కాగితం చింపి రాశాను. "నల్లజీడి నూనె పెట్టడం జరిగింది. దారం కట్టిన పన్నెండో రోజు. ఒక గింజ మొత్తం." ఎవరు పెట్టారో రాయలేదు. మడిచి నర్సు చేతిలో పెట్టి, ఆమె విప్పే లోపల వరండా చివరికి నడిచాను. ఆమె వెనకే వచ్చింది.

"ఇది నిన్న అడిగినప్పుడే చెప్తే ఏమయితుండె?" అంది. గట్టిగా అనలేదు. అందుకే అది ఇంకా నా లోపల ఉంది.

ఆ సాయంత్రమే అవ్వను ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. నూనెకు కాలిపోయి చచ్చిన చర్మం కింద చీము నిలిచిందని, అదంతా కోసి తీసేశామని బయటికి వచ్చి డాక్టరు చెప్పాడు. గది తలుపు మూసి ఉన్నంతసేపు పెద్దమ్మ బెంచీ మీద నా పక్కన కూర్చొని, నా చేతిని తన ఒడిలో పెట్టుకొని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి చూసింది. నా చూపుడువేలి కొస నల్లగా పొక్కి, పొట్టు లేచి ఉంది. జీడి నూనె అంటిన చోటు.

"తంబాకు దుమ్మా బిడ్డా గిది?" అంది.

"ఊఁ," అన్నాను.

ఆమె తన కొంగు చింపి ఆ వేలికి చుట్టింది.

అవ్వ బతికింది. పదహారు రోజుల తర్వాత ఇంటికి వచ్చాం. కుడి చెవి కింద నుంచి భుజం దాకా చర్మం బిగుసుకుపోయి మెరుస్తూ ఉంటుంది. తల ఆ పక్కకు పూర్తిగా తిరగదు, కిందికి వంగదు. ఇప్పుడు చాటను స్టూలు మీద పెట్టుకొని, మెడ నిటారుగా ఉంచి, చూడకుండానే చుడుతుంది. చూస్తే ఎవరైనా గర్వం అనుకుంటారు.

ఇంటికి పంపే ముందు డాక్టరు నాకు అన్నీ విడమరిచి చెప్పాడు. నేను రాసుకున్నాను. మెడ మీద మెత్తగా వేలాడేవి ప్రమాదం కాదు. చర్మం చర్మంతో ఒరుసుకునే చోట, లావైనవాళ్ళకు, వయసు మీద పడినవాళ్ళకు, కొన్ని ఇళ్ళల్లో తరతరాలుగా వస్తాయి. అంటుకోవు. వేళ్ళ మీద గరుకుగా వచ్చేవి వేరు, అవి వైరస్ వల్ల వస్తాయి, గిల్లితే, కోస్తే పక్కకు పాకుతాయి. "మీ అవ్వకు ఇన్ని ఎందుకున్నాయో తెలుసా? షుగర్ ఉన్నవాళ్ళకు ఎక్కువ వస్తాయి. మెడ వెనక ఆ నలుపు చూశావా? అది మురికి కాదమ్మా. షుగర్ వస్తోందని చర్మం ఎన్నో ఏళ్ళుగా చెప్తూ ఉంది."

రుద్దుకో అవ్వా, అన్న నా గొంతు నాకు వినిపించింది.

ఆయన ఇంకో మాట చెప్పాడు. షుగర్ అదుపులోకి వచ్చాక, ఇష్టమైతే మిగిలినవి చర్మం డాక్టరు దగ్గర తీయించుకోవచ్చు, ఇష్టం లేకపోతే అలాగే వదిలేయొచ్చు. రంగు మారినా, రక్తం కారినా, తొందరగా పెరిగినా మాత్రం ఆగకుండా చూపించాలి. ఇంట్లో దారం, బ్లేడు, పసరు ఏదీ వద్దు. నేను "వదిలేద్దాం" అనుకున్నాను. ఇక జన్మలో ఆ మాట ఎత్తకూడదనుకున్నాను.

ఎత్తింది అవ్వే. ఏడు నెలల తర్వాత, షుగర్ రిపోర్టు బాగుందని తెలిసిన రోజు, "మిగిలినయి తీపిచ్చుకుంట," అంది.

"ఎందుకవ్వా? ఉండనియ్యి. నొప్పేం లేదు గద."

"తీపిచ్చుకుంట అంటున్న గద."

కరీంనగర్‌లో చర్మం డాక్టరు ఒక నడివయసు ఆవిడ. ముందు అద్దంతో ఒక్కొక్కటి దగ్గరగా చూసింది. షుగర్ కాగితం చూసింది. మెడకు మందు పూసి, అది మొద్దుబారేదాకా కూర్చోబెట్టి, సన్నని సూదితో ఇంకాస్త మత్తు ఎక్కించింది. చిన్న కత్తెరతో కాడ దగ్గర కత్తిరించి, కరెంటుతో వేడెక్కే సన్నని పుల్లతో ఆ చోటును కాల్చింది. కాలిన వెంట్రుక వాసన వచ్చింది. పాలిచ్చే తల్లి బిడ్డకు ఉగ్గు పట్టినంత సేపట్లో ఆరూ అయిపోయాయి. ఒక చుక్క రక్తం కూడా నేల మీద పడలేదు.

"నొప్పి పుట్టిందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"చీమ కుట్టినట్టయింది అంతే మేడం," అంది అవ్వ. తర్వాత నవ్వి, "తునికాకు తెచ్చుకోకపోతి," అంది. ఆవిడకు అర్థం కాలేదు. నాకు అయింది. నేను నవ్వలేకపోయాను.

డాక్టరమ్మ పాత మచ్చ మీద వేలితో మెల్లగా రాసి చూసింది. "ఇది ఎవరు చేశారు?"

ఈసారి చెప్పాలనుకున్నాను. ఏడు నెలలు ఆ మాటను లోపల సాపు చేసి పెట్టుకున్నాను. "మేడం," అన్నాను.

"నేనే చేస్కున్న," అంది అవ్వ, నా కంటే ముందు, నా వైపు చూడకుండా. మెడ తిరగక చూడలేదో, చూడాలనుకోక చూడలేదో.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. మెడ చుట్టూ ఆరు చోట్ల చిన్న చిన్న తెల్ల పట్టీలు ఉన్నాయి. బస్సు గోదావరి బ్రిడ్జి ఎక్కాక ఆమె కొంగు మెడ మీది నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. నది మీది గాలి ఆ పట్టీలకు తగులుతోంది. కిందికి చూడాలంటే తల వంగదు కనుక నడుము నుంచి మొత్తం ఒంగి నీళ్ళు చూసి, మళ్ళీ నిటారుగా కూర్చుంది. నా చేతి మీద చెయ్యి వేసింది. చూపుడువేలి మీది మచ్చ దగ్గర ఆమె బొటనవేలు ఆగింది.

"మిర్యాల దండ పోయింది గద బిడ్డా," అంది. "ఈసారి మీటింగు పెడితే నాకు చెప్పు. వస్త."